నొక్కడమేగా!

మొన్న మాఘమాసంలో మా చుట్టాలింట్లో పెళ్ళి జరిగింది. పెళ్ళికి నాలుగు రోజుల ముందు ఇంటిల్లిపాదీ హాల్లో చాపలు పరుచుకుని ఖర్చుల లెక్క చూసుకుంటున్నారు. మండపానికి ఇంత, వంటవాళ్ళకి ఇంత, సన్నాయి మేళానికి ఇంత అని పెళ్ళికూతురి తండ్రి చదువుతూంటే అందరూ తలలూపుతున్నారు. వేదిక వెనక నిలబెట్టే పూలగోడ, తెల్లారేసరికి వాడిపోయే పూలగోడ, దాని ఖరీదు విన్నప్పుడు కూడా ఎవరూ ఉలిక్కిపడలేదు. ఫోటోగ్రాఫరు పద్దు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఏమిటీ అన్యాయం! వాడు చేసేది నొక్కడమేగా?" అన్నారు.

అంతే, హాలంతా గొంతులు లేచాయి. "అవును మరి, పొద్దస్తమానం నొక్కుతూ తిరగడమేగా" అని ఒకరు. "ఇప్పుడు ఫిల్ము ఖర్చు కూడా లేదు కదండీ" అని మరొకరు. ఇంటరు చదివే మేనల్లుడొకడు తన ఫోను పైకెత్తి, "వాడి కెమెరాకన్నా నా ఫోనే నయం మామయ్యా" అన్నాడు. మూడోవంతు తగ్గిస్తేగాని ఒప్పుకోకూడదని తీర్మానమైపోయింది.

మూలన కుర్చీలో మా అత్తగారు కూర్చుని వున్నారు. డెబ్బై దాటిన మనిషి. ఒక్క మాటా మాట్లాడలేదు. నాకేసి చూసి చిన్నగా నవ్వారంతే. ఆ నవ్వు చూశాక నాకారాత్రి నిద్ర పట్టలేదు.

అత్తగారి గురించి కోడలు రాస్తోందంటే సాధింపులూ వేధింపులూ చదవొచ్చని ఆశపడి ఈ పేజీ తిప్పినవారు నన్ను క్షమించాలి. నేను మా అత్తగారి తరఫున దెబ్బలాడడానికి వచ్చాను. ఆవిడ తెనాలిలో 1972 నుంచి 2014 దాకా, నలభై రెండేళ్ళు, చిన్న ఫోటో స్టూడియో నడిపారు. కాదు కాదు, పొరబాటు. నడిపింది మామగారు, ఆవిడ "సాయం చేశారు". వూళ్ళో అందరూ అనేదీ, బోర్డు మీద రాసి వున్నదీ అదే. ఆ పొరబాటు కూడా ఇవాళ కాస్త దిద్దుదామని వుంది.

ముందు ఆ "ఏగా" సంగతి చూద్దాం. వండడమేగా, ఉతకడమేగా, పిల్లల్ని చూసుకోడమేగా, ఇంట్లో వుండడమేగా. మన భాషలో ఇంతకన్నా చిన్న చీపురు లేదు. ఎంతటి చాకిరీనైనా ఒక్క వూపులో ఊడ్చి మూలన పోసేస్తుంది. నేను నవల రాస్తున్నానని తెలిసి మా పక్కింటాయన, "కూచుని రాయడమేగా, వంట అయ్యాక తీరిగ్గా రాసుకోవచ్చు" అన్నారు. పాపం, వంట ఎవరు చేస్తారో ఆయనకి అనుమానం కూడా రాలేదు. అంచేత ఈ "ఏగా" బాధితుల సంఘంలో నేనూ సభ్యురాలినే. మీరూ సభ్యులేనని నాకు తెలుసు. అయితే ఆ సంఘంలో వున్న మనమే ఫోటోలు తీసే కుర్రాడి మీదికి అదే చీపురు విసురుతున్నామే, అక్కడే నాకు కష్టంగా వుంది.

సరే, ఆ నొక్కడం వెనకాల ఏముండేదో వినండి.

మామగారు ముందు గదిలో నొక్కేవారు. వంటింటికీ పెరటికీ మధ్య వున్న సామాన్ల గది డార్క్‌రూము. కిటికీకి నల్ల కాయితం, తలుపు సందుల్లో పాత దుప్పట్లు. ఆ గది అత్తగారిది. ఒక రోలుకి పన్నెండు బొమ్మలు. ఆ పన్నెండింటిలో ఒకరి తలంబ్రాలుంటాయి, ఒకరి అప్పగింతలుంటాయి. కడగడంలో ఫిల్ము చెడిందా, పెళ్ళివారిని పిలిచి మళ్ళీ తలంబ్రాలు పోయమనడానికి లేదు కదా! డెవలపరు ఇరవై డిగ్రీల దగ్గర వుండాలన్నది లెక్క. తెనాలిలో మే నెల కుళాయి నీళ్ళకి ఆ లెక్క తెలియదు. నీళ్ళు వేడెక్కితే ఫిల్ము మీది జెలటిన్ పొర మెత్తబడి ముడతలు పడిపోతుంది. అందుకని బకెట్లో ఐసుముక్కలు వేసి, అందులో డెవలపరు పాత్ర పెట్టి, అర్ధరాత్రి దాటాక ఫిల్ము కడిగేవారావిడ. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ వాళ్ళు తయారుచేసే "ఇందు" సరుకు ఒక్కోసారి దొరికేది, ఒక్కోసారి దొరికేది కాదు. దొరికినప్పుడు బియ్యం కొన్నంత జాగ్రత్తగా కొని దాచేవారట.

ఫిల్ము కడిగేటప్పుడు గదిలో అగ్గిపుల్లంత వెలుగు కూడా పనికిరాదు. మధ్యలో చంటిపిల్లాడు ఏడిస్తే బయటికి రావడానికి లేదు. తలుపు తీస్తే రోలు పోతుంది, తీయకపోతే పిల్లాడి ప్రాణం పోతుందేమోనని భయం. "మీ ఆయన వుయ్యాల్లో ఏడ్చిన ఏడుపులన్నీ ఈ వూళ్ళో వాళ్ళ పెళ్ళి ఫోటోల మీద పడి వున్నాయమ్మా" అంటారు అత్తగారు. మెటాల్ మందు చేతులకి పడక వేళ్ళు పగిలేవి. గోళ్ళు గోధుమరంగుకి తిరిగేవి. పేరంటానికి వెళ్తే పసుపు రాయించుకోడానికి కాళ్ళు చాచేవారుగాని, తాంబూలం అందుకునేటప్పుడు చేతులు కొంగుతో కప్పుకునేవారట.

ఆ తర్వాత టచింగు. నెగెటివ్‌ని వెలుతురుకి అడ్డంగా పెట్టి, సూదిమొనలా చెక్కిన పెన్సిలుతో చుక్క చుక్క పెట్టాలి. నెగెటివ్ మీద నల్ల చుక్క పెడితే కాయితం మీద తెల్లబడుతుంది. అలా మొటిమలు పోయేవి, కళ్ళకింద నీడలు పోయేవి, నాలుగు రాత్రులు నిద్రలేని పెళ్ళికూతురు మర్నాడు నిండుగా నిద్రపోయి లేచినట్టు కనిపించేది. ఇదీ సంగతి. మొత్తం పనిలో నొక్కడం ఎంత? రెప్పపాటు. పులుసులో ఉప్పు వేయడం ఎంతసేపు పడుతుంది చెప్పండి? ఉప్పు వేయడమేగా అని వంటకి వెల కడతామా?

1986లో మామగారికి పక్షవాతం వచ్చింది. అప్పటిదాకా వెనక గదిలో వున్న మనిషి ముందు గదిలోకి రావలసి వచ్చింది. మొదటి ఏడాది ఆవిడ ఎక్కువసార్లు విన్న ప్రశ్న "సారు లేరా?" లేరంటే, "అయితే రేపొస్తాం" అని వెళ్ళిపోయేవారు. ఆయన నొక్కిన ఫోటోలన్నీ కడిగి, దిద్ది, అచ్చు తీసింది ఈవిడేనని వాళ్ళకేం తెలుసు! ఇంటిదాకా వచ్చిన పెళ్ళి బేరాలు కూడా, "ఆడమనిషి బల్లెక్కి నించుని ఫోటోలు తీస్తే బాగుండదండీ" అని తిరిగిపోయాయి. నిలబెట్టింది ఆడవాళ్ళే. మగ ఫోటోగ్రాఫరు ముందు గడ్డం పైకెత్తమంటే బిగుసుకుపోయే పిల్లలు, పమిట సర్దుకోవాలో మానాలో తెలియక తడబడే కొత్తకోడళ్ళు ఆవిడ దగ్గర నవ్వేవారు. ఆ నవ్వుల మీద ఇద్దరు పిల్లల చదువులూ, మంచాన పడ్డ మనిషి మందులూ నడిచాయి.

ఇక్కడ ఆవిడ తరఫునా ఒక తప్పు ఒప్పుకోవాలి. ఏకపక్షంగా వాదిస్తే మీరు నమ్మరు.

పెళ్ళిచూపుల ఫోటో అంటే ప్రతి తల్లీ అడిగేది ఒకటే: "కాస్త రంగు తేల్చండి." చామనచాయ పిల్లని దబ్బపండు చేయమని. అచ్చు తీసేటప్పుడు ముఖం మీద వెలుగు కొంచెం ఆపితే చాలు, పని అయిపోతుంది. ఆవిడ చేసిన పనులన్నిటిలోకీ సులువైనది అదే. విచిత్రమేమిటంటే, ఆ ఒక్క పనికి మాత్రం ఎవరూ "ఏగా" అనలేదు! అడక్కుండానే రెండు రూపాయలు ఎక్కువిచ్చి, దణ్ణం పెట్టి వెళ్ళేవారు. నిజం చూపించడానికి పడిన శ్రమకి బేరం, అబద్ధానికి బహుమానం.

ఒకసారి ఒక పెళ్ళివారు ఫోటో చూసి, పిల్లని చూడడానికి వచ్చి, వీధిలోనే ఆగి గొడవ పడ్డారట. ఆ పిల్ల గుమ్మంలో నించుని అంతా వింది. మర్నాడు స్టూడియోకి వచ్చి, "అత్తా, నా మొహం నా మొహంలా తియ్యలేకపోయావా?" అని అడిగింది. అత్తగారు ఆ మాట ఇన్నేళ్ళయినా మరిచిపోలేదు. ఆ రోజు నుంచి రంగు తేల్చడం మానేశారు. "ఉన్నదున్నట్టు తీస్తాను, ఇష్టమైతే కూచోండి" అనేవారు. నాలుగు బేరాలు పోయాయి. పోతే పోయాయి అన్నారు. ఇవాళ ఫోన్లు అడక్కుండానే ఆ పని చేసిపెడుతున్నాయి. మన పిల్లలు తమ సొంత మొహాలు చూసుకుని జడుసుకునేలా తయారవుతున్నారు. అత్తగారు మానేసిన పాపాన్ని యంత్రం తలకెత్తుకుంది.

బోర్డు మాట చెప్పాను కదా. ఇది మా ఇంటి గోడు మాత్రమే అనుకోకండి. మన దేశంలో మొదటి మహిళా పత్రికా ఫోటోగ్రాఫరుగా పేరుపొందిన హొమాయ్ వ్యారవాలా 1913లో నవ్‌సారిలో పుట్టారు. తొలిరోజుల్లో ఆవిడ తీసిన ఫోటోలు పత్రికల్లో భర్త పేరుతో అచ్చయ్యాయి. ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చేనాటికి 2011, అప్పటికి ఆవిడ కెమెరా పక్కనపెట్టి నలభై ఏళ్ళు. మరో ఏడాదికి కన్నుమూశారు. ఇంకా వెనక్కి వెళ్తే, హైదరాబాదులో నిజాము కొలువు ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ పేరు చాలామందికి తెలుసు. ఆయన 1892లో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో పెట్టించారు. మగపురుగు కనపడకుండా, అంతా ఆడవాళ్ళే నడిపే స్టూడియో అది. దాన్ని చూసుకున్నది కెన్నీ లెవిక్ అనే దొరసాని. దీన్‌దయాళ్ పేరు విన్నవారిలో ఆవిడ పేరు విన్నవారెందరు? అంటే నూట ముప్ఫై ఏళ్ళకి పైగా మన దగ్గర ఆడవాళ్ళు ఈ పని చేస్తున్నారన్నమాట. అయినా ఇవాళ్టికీ పెళ్ళిలో కెమెరా పట్టుకున్న పిల్ల కనిపిస్తే జనం వధువుని వదిలేసి ఆ పిల్లని చూస్తారు!

"అవన్నీ పాతకాలం కబుర్లు. ఇప్పుడు ఫోనుంది, అందరూ ఫోటోగ్రాఫర్లే. స్టూడియోలు మూతపడితే మీకెందుకంత బాధ?" అంటారు మీరు. న్యాయమైన ప్రశ్నే. నేను ఫోనుకి శత్రువుని కాను. డబ్బులేక ఒక్క ఫోటో కూడా తీయించుకోలేకపోయిన తల్లులెందరో ఉండేవారు. ఇవాళ కూలికి వెళ్ళే అమ్మ తన బిడ్డ మొదటి అడుగు ఫోనులో దాచుకుంటోందంటే అంతకన్నా ఏం కావాలి? అత్తగారికి కూడా ఫోనంటే ఇష్టమే. కాలం మారితే దుకాణాలు మారతాయి. కోడాక్ కంపెనీలో పనిచేసే ఇంజనీరే 1975లో మొదటి డిజిటల్ కెమెరా తయారుచేస్తే, ఆ కంపెనీయే 2012లో దివాలా రక్షణ కోసం కోర్టుకెక్కింది. అంతటి ఏనుగే కూలబడితే తెనాలిలో చీమ ఎంత? స్టూడియో మూసేసిన రోజున అత్తగారు ఏడవలేదు. తాళం వేసి, వచ్చి కాఫీ అడిగారు.

నా దెబ్బలాట యంత్రంతో కాదు. నొక్కడం తేలికైంది గనుక పని మొత్తం తేలికని అనుకుంటున్నామే, ఆ బుద్ధితో. గ్యాసు పొయ్యి వచ్చింది గనుక వంట ఇంక పనే కాదన్నవాళ్ళని మనం ఎంత తిట్టుకున్నామో గుర్తులేదూ?

నొక్కడం కాక ఇంకేముంది అంటారా? దాచడముంది. స్టూడియోలో ఒక పెద్ద పద్దుపుస్తకం వుండేది. ప్రతి నెగెటివ్‌కీ ఒక నంబరు, కవరు మీద అదే నంబరు, పుస్తకంలో పేరూ తేదీ వూరూ. రాత్రి అన్నాలయ్యాక అత్తగారు అవి రాసుకునేవారు. ఆ రాతకి ఎవరూ ఒక్క పైసా ఇవ్వలేదు. 2019లో, అంటే స్టూడియో మూసేసిన అయిదేళ్ళకి, ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. వాళ్ళమ్మ పోయింది. దినవారాలకి పటం కట్టిద్దామంటే ఇంట్లో ఆవిడ ఒంటరి ఫోటో ఒక్కటీ లేదు. ఫోన్లో వెతికితే వేల ఫోటోలున్నాయి. వాటిలో అమ్మ వడ్డిస్తూ వుంది, పక్కకి తిరిగి వుంది, మనవడి వెనకాల సగం వుంది. "పెళ్ళయిన కొత్తలో ఇక్కడ తీయించుకున్నానని అమ్మ అంటూండేదండీ" అన్నాడు. అత్తగారు ట్రంకుపెట్టె తెరిపించారు. పద్దుపుస్తకంలో వేలు పెట్టి వెతికారు. గంటన్నరకి 1978 నాటి కవరు దొరికింది. దీపానికి ఎదురుగా పట్టుకుంటే రెండుజడల పిల్ల, చేతిలో పుస్తకం, నవ్వు. ఆయనకి అరవై ఏళ్ళ అమ్మే తెలుసు, ఇరవై ఏళ్ళ అమ్మని అప్పుడే చూశాడు. మా వరండాలో కూచుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

మరి మా సంగతో? 2006లో మా అమ్మాయి అన్నప్రాసన ఫోటోలు కంప్యూటరులో పెట్టాం. కంప్యూటరు పాడైంది, ఫోటోలు పోయాయి. సంబరపడి నొక్కినవాళ్ళం పదిమందిమి వున్నాం. దాచినవాళ్ళు ఒక్కరూ లేరు.

అందుకే అడుగుతున్నాను. పెళ్ళిలో ఆ ఫోటోల కుర్రాడిని ఎప్పుడైనా చూశారా? తెల్లవారుఝామున మూడింటి ముహూర్తమైతే రాత్రి పదింటికే వచ్చి నించుంటాడు. మంగళసూత్రం పడే క్షణాన పదిమంది బంధువులు ఫోన్లు పట్టుకుని అడ్డం వస్తే, వాళ్ళ మోచేతుల సందుల్లోంచి ఆ క్షణాన్ని పట్టుకోవాలి. అది రెండోసారి రాదు. అందరూ తిన్నాక చివరి పంక్తిలో, పప్పూ పెరుగూ మిగిలితే ఆ అన్నం. ఆ తర్వాత వారాల తరబడి వేల ఫోటోలు ముందేసుకుని ఏరడం, దిద్దడం, ఆల్బం పేర్చడం. అన్నీ అయ్యాక మిగతా డబ్బుకి పదిసార్లు తిప్పుతాం. తెల్లారేసరికి చెత్తకుప్పలో పడే పూలగోడకి మాత్రం ముందే రొక్కం చెల్లించాం. యాభై ఏళ్ళ తర్వాత మన మనవలు చూసుకునేది పూలగోడనా, ఆ కుర్రాడి పనినా?

కాబట్టి అమ్మలారా, వచ్చే పెళ్ళిలో లెక్కల చాప దగ్గర మీరు కూడా కూచోండి. ఎవరైనా "నొక్కడమేగా" అంటే, "వండడమేగా అన్నప్పుడు మీ నోరు నొక్కలేదు, అదీ మా తప్పు" అని చెప్పండి. ఆ కుర్రాడిని, ఆ పిల్లయితే ఆ పిల్లని, మొదటి పంక్తిలో కూచోబెట్టండి. పేరడిగి, పేరు పెట్టి పిలవండి. ఫోన్లో వున్న వేలల్లోంచి ఏడాదికి ఓ ఇరవై ఫోటోలు అచ్చు వేయించి, వెనకాల పేర్లూ తేదీలూ రాసి దాచండి. అన్నిటికన్నా ముఖ్యం, గరిటె పక్కన పెట్టి మీరు కూడా ఒకసారి ఫోటోలోకి రండి. వెనక వరసలో కాదు, మధ్యలోకి.

ఇంతా చెప్పి మా ఇంటి గుట్టు చెప్పకపోతే బాగుండదు. ఈ వ్యాసంతోపాటు అత్తగారి ఫోటో ఒకటి పంపిద్దామని ట్రంకుపెట్టె అంతా గాలించాను. నలభై రెండేళ్ళు వూరందరి మొహాలూ తీసిన మనిషిది ఒక్క ఒంటరి ఫోటో కూడా దొరకలేదు! "మీరెప్పుడూ తీయించుకోలేదా అత్తయ్యగారూ?" అంటే, "ఎవరు తీస్తారమ్మా, నేను లోపల పనిలో వుంటిని కదా" అన్నారు.

సరే నేనే తీస్తానని ఆవిడని కిటికీ దగ్గర కూచోబెట్టి ఫోను ఎత్తాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "వెలుతురు నా వెనకాల పెట్టావేం? అటు జరుగు. ఇంకా జరుగు. చెయ్యి వణక్కుండా ఊపిరి బిగబట్టు" అన్నారు. కుర్చీ మూడుసార్లు జరిపాను. ఎనిమిది తీశాను, ఎనిమిదీ బాగుండలేదన్నారు. తొమ్మిదోది చూసి కాసేపు మాట్లాడలేదు.

"ఇది పర్వాలేదు. అచ్చు వేయించు. వెనకాల నా పేరు రాయి" అన్నారు.